పుస్తకాలు వేసిన నవలాకారుని జీవితచరిత్ర రాయడం ఎలా

ఉత్తర తెలంగాణలో ఏ పాత జిల్లా కేంద్రానికి వెళ్లినా అటువంటి మనిషి ఒకరు తగులుతారు. పగలు కళాశాలలో పాఠమో, కోర్టులో గుమాస్తాగిరీయో చూసుకొని, సాయంత్రం అచ్చాఫీసు మెట్లెక్కి, ఇతరులు రాసిన శాసన పరిశీలనలనూ, వ్యాకరణ వ్యాసాలనూ, జానపద గేయ సంకలనాలనూ తన డబ్బుతోనో అప్పు డబ్బుతోనో అచ్చు వేయించి, ఆ పనుల నడుమ రెండు మూడు నవలలు కూడా రాసిన మనిషి. ఆయన పోయాక సంవత్సరీకం నాటికి సంస్మరణ సంచిక వస్తుంది. అందులో పాతిక వ్యాసాలుంటాయి. పాతికలోనూ ఆయన నిరాడంబరుడనీ, స్నేహశీలి అనీ ఉంటుంది గాని, ఏ సంవత్సరం ఏ పుస్తకం వేశారో, ఎన్ని ప్రతులు వేశారో, అవి ఎటు పోయాయో ఒక్కదానిలోనూ ఉండదు.

అటువంటి వ్యక్తి జీవితచరిత్ర రాయదలచుకొన్న పరిశోధక విద్యార్థి కోసం, లేదా తండ్రి వదిలివెళ్లిన బీరువా ముందు ఏం చేయాలో తోచక నిలబడిన కొడుకూ కూతుళ్ల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. హనుమకొండలో ఒక పెద్దాయన చరిత్రను నేను నాలుగేళ్లపాటు రాశాను. ముందుగా ఆయన నవలలు చదివి, తరువాత బంధువులను కలిసి, చిట్టచివర ఆయన వేసిన పుస్తకాల పట్టిక తయారుచేశాను. ఆ వరుస తలకిందులైనదని మూడో ఏడు గాని తెలియలేదు. పట్టిక పూర్తయ్యాక, అంతకు ముందు రాసుకొన్న మూడు అధ్యాయాలు చింపివేయవలసి వచ్చింది. పుస్తకాలు ముందు, లెక్కలు తరువాత, మనుషులు ఆ తరువాత, నవల చివర. నేను చెప్పదలచుకొన్న సలహా ఈ వరుసే. కింద ఉన్నదంతా దానికి వివరణ.

పట్టికతో మొదలుపెట్టడం

ప్రచురణకర్త జీవితానికి ఆయన వేసిన పుస్తకాలే దినచర్య. కాబట్టి మొదటి ఆరు నెలలు ఎవరినీ ఇంటర్వ్యూ చేయకుండా, ఒక్క వాక్యం కూడా రాయకుండా, పుస్తకాలను చేతిలోకి తీసుకొని చూడడానికే కేటాయించాలి. లోపలి అట్ట వెనుక పేజీలో ఉన్నదంతా, అక్షరం వదలకుండా, తప్పులతో సహా ఎత్తి రాసుకోవాలి. గ్రంథమాలలో ఎన్నో ప్రచురణ, ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, వెల, హక్కులు ఎవరివి, అచ్చాఫీసు పేరు, ప్రతులు దొరికే చోటు, ముఖచిత్రం గీసినవారు అన్నీ కావాలి. కంటితో చూడని పుస్తకాన్ని పట్టికలో చేర్చితే పక్కన గుర్తు పెట్టుకోవాలి. ఈ జాగ్రత్త నాకు ఆలస్యంగా అబ్బింది. ఒక గ్రంథాలయం సూచీని నమ్మి ఒక శాసన సంపుటి తొలి ముద్రణ సంవత్సరాన్ని రాసేశాను. పుస్తకం దొరికాక చూస్తే, సూచీలో ఉన్నది మలి ముద్రణ. తొలి ముద్రణ అంతకు పదకొండేళ్లు ముందుది. ఆ పదకొండేళ్ల తేడాతో పెద్దాయన ఏ పుస్తకంతో ఈ రంగంలోకి వచ్చారన్న విషయమే మారిపోయింది.

పాత పుస్తకాల మీద సంవత్సరం నేరుగా ఉండదు, ఉన్నా మన లెక్కలో ఉండదు. నిజాం కాలపు పుస్తకాల మీద ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. అది అక్టోబర్ మొదట్లో ఆజూర్ నెలతో మొదలవుతుంది గనుక 1348 ఫసలీ అంటే 1938 అక్టోబర్ నుంచి 1939 అక్టోబర్ దాకా అన్నమాట. నెల ఆజూర్, దై అయితే 590 కలపాలి. ఖుర్దాద్, ఆబాన్ అయితే 591 కలపాలి. కొందరు తెలుగు సంవత్సరం పేరు మాత్రమే వేస్తారు. బహుధాన్య అంటే 1938-39, ప్రమాథి అంటే 1939-40. అయితే అరవై ఏళ్లకు అవే పేర్లు తిరిగి వస్తాయి కాబట్టి అచ్చు తీరును చూసి నిర్ణయించాలి. అంకెలు తెలుగు అంకెలలో ఉంటే నాలుగును, తొమ్మిదిని అరిగిన టైపులో పోల్చుకోవడం కష్టం. భూతద్దం వెంట ఉంచుకోండి.

ఏ సంవత్సరమూ లేని పుస్తకాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వాటి కాలాన్ని పట్టుకోవడానికి వెల, చిరునామా బాగా పనికివస్తాయి. వెల రూపాయి అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, కాస్త అటూ ఇటుగా, అనుకోవచ్చు. నయా పైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది, ఎందుకంటే 1964లో నయా అన్న మాట తీసేశారు. హాలీ (నిజాం రూపాయి), కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని రెండు వెలలు వేరువేరుగా వేసి ఉంటే, ఆ పుస్తకం నిజాం రాజ్యంలోనూ బయటా అమ్మడానికి ఉద్దేశించినదని కూడా తెలుస్తుంది. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్ రూపాయలు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తరువాతిది. వరంగల్ చిరునామాలన్నీ 506తో మొదలవుతాయి కాబట్టి ఎక్కడో బెజవాడలో అచ్చయిన పుస్తకం మీద ఆ అంకెలు కనిపిస్తే, అది మన ఊరి ప్రచురణే కావచ్చునని ఆగి చూడాలి. పేజీ వెనుక వేలితో తడిమినప్పుడు అక్షరాల ఉబ్బులు తగిలితే అది అచ్చు టైపు పని. తిరగబడిన అక్షరమూ, విరిగిన వత్తూ ఆ కాలపు తప్పులు. ఫాంటు మారి అర్థం లేని గుర్తులు పడడం డీటీపీ (కంప్యూటరులో అక్షరాలు కూర్చే పద్ధతి) వచ్చాక పుట్టిన తప్పు. ఏ తప్పు ఏ కాలానిదో తెలిసినవాడికి తప్పొప్పుల పట్టిక కూడా ఆధారమే.

ముందుమాట చివర ఉన్న తేదీ విషయంలో చాలామంది పొరబడతారు. పాత పద్ధతిలో పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. ఒక్కొక్క ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. ముందుమాటలు, అంకితం, విషయసూచిక విడి ఫారంగా, వేరే అంకెలతో, అన్నిటికన్నా చివర అచ్చవుతాయి. కాబట్టి ముందుమాట తేదీ పుస్తకం పూర్తయిన తేదీకి దగ్గరిదే గాని మొదలుపెట్టిన తేదీ కాదు. పెద్దాయన వేసిన ఒక వ్యాకరణ గ్రంథం మొదటి ఫారానికీ ముందుమాటకూ మధ్య రెండేళ్లు గడిచాయని ఆయన ఉత్తరాల వల్ల తెలిసింది. కాగితం కొనడానికి డబ్బు లేక పని నిలిచిపోయిన రెండేళ్లవి.

వెనుక అట్ట మీద ఉండే 'మా ప్రచురణలు' అన్న జాబితాను తప్పక ఎత్తి రాసుకోవాలి, అయితే నమ్మకూడదు. 'అచ్చులో' అని ప్రకటించినవాటిలో కొన్ని ఎన్నడూ వెలువడవు. వాటిని వేరే కాగితం మీద పెట్టండి. ప్రచురణకర్త ఏమి చేయాలనుకొన్నాడో ఆ వెలువడని పుస్తకాలే చెబుతాయి; నా పుస్తకంలో బాగా కుదిరిన అధ్యాయం వాటి మీద రాసినదే.

ఎక్కడ వెతకాలి

హనుమకొండలో ఉన్నవారు 1904లో స్థాపితమైన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంతో మొదలుపెట్టడం సహజం. అక్కడి నుంచి జిల్లా గ్రంథాలయానికి, కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, జానపద సాహిత్యమైతే వరంగల్‌లోనే ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి వెళ్లవచ్చు. హైదరాబాదులో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్ దగ్గరి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఒక్కొక్క వారం తీసుకొంటాయి. ఇంటర్నెట్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పుస్తకాలు లక్షణంగా దొరుకుతాయి గాని, వాటి పేర్లను ఇంగ్లిషు అక్షరాలలోకి ఎవరికి తోచినట్టు వారు మార్చారు గనుక ఒకే పేరును నాలుగు విధాల రాసి వెతకాలి. స్కాన్ చేసినవారు తరచుగా అట్టనూ, వెనుక ప్రకటనలనూ వదిలేస్తారు. మనకు కావలసింది అదే కాబట్టి స్కాన్ చూసి తృప్తి పడకూడదు.

అచ్చు వేసినవారి పేరు, ఊరు ప్రతి పుస్తకం మీదా ఉండాలని 1867 నాటి చట్టం నిర్దేశించేది. దాని కింద బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలు మూడు నెలలకొకసారి పుస్తకాల పట్టికలు వెలువరించేవి. హైదరాబాద్ సంస్థానం ఆ పాలనలో లేదు గనుక ఇక్కడ అచ్చయిన పుస్తకాలకు ఆ పట్టికలు అక్కరకు రావు. అయితే తెలంగాణ ప్రచురణకర్తలు కొందరు పుస్తకాలను బెజవాడలోనో మద్రాసులోనో అచ్చు వేయించేవారు. అటువంటివి మద్రాసు పట్టికలో తగలవచ్చు. 1954 చట్టం వచ్చాక ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని మూడు గ్రంథాలయాలకూ పంపాలి. మన ఊళ్లలో ఎంతమంది పంపారన్నది వేరే సంగతి. పంపినవారి పుస్తకాలు 1958 నుంచి వెలువడుతున్న జాతీయ గ్రంథసూచిలో కనిపిస్తాయి.

జిల్లాల పేర్లు కూడా దారి తప్పిస్తాయి. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనిదే. నిజామాబాద్‌ను పాత పత్రాలలో ఇందూరు అని వెతకాలి. 2016లో జిల్లాలు చీలాయి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది. పాత పత్రాలలో వరంగల్ అంటే ఆదిలాబాద్, కరీంనగర్‌లను కూడా కలుపుకొన్న సుబా (కొన్ని జిల్లాల విభాగం) కావచ్చు. మీ కథానాయకుడు పుట్టిన ఊరికి పుట్టిన నాటి జిల్లా పేరు, నేటి జిల్లా పేరు రెండూ రాయండి. సంస్థాన కాలంలో ఆయన మీద పోలీసు నిఘా ఉన్నదనిపిస్తే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. కాగితాలు ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉంటాయి కాబట్టి చదవగల పెద్దవారిని వెంట తీసుకొని వెళ్లండి. కట్టడాలు మన కోసం ఆగవు. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చివేసే నాటికి నేను దాని ఫొటో ఒక్కటి కూడా తీసుకోలేదు.

చిట్టా, ఆవర్జా

ఇంట్లో బీరువా తెరవగానే చేతికి వచ్చే ఉత్తరాలూ సన్మాన పత్రాలూ మనసును లాగుతాయి. వాటిని పక్కన పెట్టి అడుగున ఉన్న చిట్టా (రోజువారీ జమాఖర్చు) పుస్తకాలను, రసీదు పుస్తకాలను, వీపీపీ (డబ్బు కట్టించుకొని ఇచ్చే తపాలా) రసీదుల కట్టలను ముందు తీయాలి. పండిత గ్రంథాల ప్రచురణకర్త నిజస్వరూపం అక్కడ ఉంటుంది.

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న: ఏ పుస్తకం ఆయన ఎంచుకొని తన డబ్బుతో వేసినది, ఏది రచయిత డబ్బుతో ఆయన పేరు మీద వచ్చినది? 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ ప్రాంతంలో సిద్ధాంత గ్రంథాలు పెరిగాయి. వాటిని అచ్చు రూపంలో చూసుకోవాలన్న కోరిక, ఉద్యోగంలో పైకి పోవడానికి అచ్చు పుస్తకం కావాలన్న అవసరం రెండూ పెరిగాయి. అటువంటి పుస్తకాల ఖర్చు చాలావరకు రచయితే భరిస్తాడు. హక్కులు రచయితవని ఉండి, ప్రచురణకర్త పేరు 'ప్రతులకు' అన్న మాట కింద మాత్రమే ఉంటే అనుమానించవచ్చు. చిట్టాలో రచయిత పేర జమ ఉంటే అనుమానం తీరుతుంది. 'సాహిత్య అకాడమీ ఆర్థిక సహాయంతో' అన్న వాక్యం ఉంటే అది మూడో రకం. మా పెద్దాయన పట్టికను ఈ మూడు రకాలుగా విడదీశాక, నలభైకి పైగా పుస్తకాలలో ఆయన సొంతంగా పూనుకొని వేసినవి పదిహేడు మిగిలాయి. ఆ పదిహేడింటినీ వరుసగా పెట్టి చూస్తే ఆయనకు ఏ విద్య మీద మమకారమో స్పష్టమయింది. మిగిలినవి చెడ్డవని కాదు, అవి ఆయన బతుకుతెరువు. రెండింటినీ కలిపి 'నలభై గ్రంథాల ప్రచురణకర్త' అని రాస్తే ఆయన అభిరుచి కనిపించకుండా పోతుంది.

ప్రతుల సంఖ్య పుస్తకం మీద లేకపోతే కాగితం కొనుగోలు చూసి రాబట్టవచ్చు. డెమ్మీ 1/8 సైజులో ఒక డెమ్మీ తావు (మడవని పూర్తి కాగితం) మడిస్తే పదహారు పేజీలు, అంటే ఒక ఫారం. 256 పేజీల పుస్తకం పదహారు ఫారాలు. వేయి ప్రతులకు పదహారు వేల తావులు. రీముకు 500 తావుల లెక్కన 32 రీములు. చిట్టాలో ఆ పుస్తకం పేర పదిహేడు రీములు రాసి ఉంటే, చెడిపోయే తావులు కొన్ని పోగా ఐదు వందల ప్రతులు వేశారన్నమాట. కొన్నది డబల్ డెమ్మీ (రెట్టింపు తావు) అయితే రీముల సంఖ్య సగమవుతుంది. అది చూసుకోకుండా నేను ఒక పుస్తకానికి ప్రతులు సగానికి సగం తగ్గించి రాశాను, బైండరు కూలి లెక్కతో పోల్చినప్పుడు గాని తప్పు బయటపడలేదు. అందుకే కాగితం లెక్కను కుట్టు కూలి లెక్కతో ఎప్పుడూ సరిచూడాలి. కాగితం పేరు కూడా రాసుకోండి. సిర్పూర్ కాగితం మన ఎగువ తెలంగాణ సొంత సరుకు. సిర్పూరు రీము ఏ ఏడు ఎంతకు వచ్చిందో వరుసగా రాస్తే ప్రచురణకర్త కష్టాల చరిత్ర దానంతట అదే తయారవుతుంది.

అమ్మకాలకు వచ్చేసరికి, పండిత గ్రంథాన్ని కొనేది ముఖ్యంగా గ్రంథాలయాలు. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. ఆ డబ్బు వచ్చిన ఏడు ప్రచురణకర్త అప్పు తీరుతుంది, రాని ఏడు పెరుగుతుంది. పుస్తకాలు తీసుకొన్న ఒక కార్యాలయం బిల్లు చెల్లించడానికి మూడేళ్లు పట్టించిన సంగతి మా పెద్దాయన కార్బన్ నకళ్లలో ఉంది. బిల్లు గుర్తుచేస్తూ పద్నాలుగు లేఖలు, ఒకదాని కన్నా ఒకటి మర్యాదగా రాసినవి. వాటిని నేను అనుబంధంలో వరుసగా అచ్చు వేశాను, వ్యాఖ్య రాయలేదు.

మనుషులను కలవడం

పట్టికా లెక్కలూ చేతిలో ఉన్నాకనే మనుషుల దగ్గరికి వెళ్లాలి. 'ఆయన గురించి చెప్పండి' అని అడిగితే సంస్మరణ సంచికలో రాసిందే మళ్లీ చెబుతారు. 'ఈ పుస్తకం ఎనిమిదో ఫారం దగ్గర ఎందుకు ఆగిపోయింది?' అని పుస్తకాన్ని చేతికిచ్చి అడిగితే జవాబు వేరేగా ఉంటుంది. పండితుల కన్నా ముందు కంపోజిటర్‌నూ, బైండరునూ కలవండి. వారిలో పెద్ద వయసువారు ఎక్కువ. డీటీపీ వచ్చాక పని పోయిన ఒక కంపోజిటర్‌ను వరంగల్ చౌరస్తా దగ్గర పట్టుకొన్నాను. 'సారు పుస్తకమంటే నాలుగు ప్రూఫులు తిరిగేది. మూడో ప్రూఫుల గూడ వాక్యం మార్చేది, మా ఓనరు మొత్తుకునేటోడు' అన్నాడాయన. రచయితల వాక్యాలను పెద్దాయన సవరించేవారన్నది రచయితలెవ్వరూ నాకు చెప్పని సంగతి. ఆ తరువాత గాలీ ప్రూఫులు (పేజీలుగా విడదీయక ముందు తీసినవి) నాలుగైదు దొరికాయి. చూస్తే సవరణ కాదు, కొన్నిచోట్ల పేరాలకు పేరాలు తిరగరాసినట్టే ఉంది. ప్రచురణకర్త పరిష్కర్త కూడా అని నిరూపించే ఆధారం ప్రూఫు తప్ప మరొకటి లేదు కాబట్టి, చెదలు పట్టిన ప్రూఫు కాగితమైనా పారవేయనీయకండి.

ఇంటివారితో మాట్లాడేటప్పుడు ఇంటి లెక్కల దగ్గర మొదలుపెట్టడం మంచిది. పెద్దాయన భార్యను ఆయన సాహిత్య సేవ గురించి అడిగితే తల ఊపి ఊరుకొన్నారు. రీము ధరల కాగితం చూపిస్తే, 'ఇంట్ల బియ్యం నిండుకున్నా సరే, కాయితం మాత్రం తెచ్చేటోడు బిడ్డా' అని మొదలుపెట్టి రెండు గంటలు చెప్పారు. ఆమె చెప్పిన ప్రతి తేదీనీ పిల్లల పుట్టుక, పెళ్లి, ఇల్లు మారడం వంటివాటితో ముడిపెట్టి రాసుకొన్నాను. తెలుగు నెలలో, పండగలో జ్ఞాపకం ఉన్నదాన్ని ఇంగ్లిషు తేదీలోకి అక్కడికక్కడే మార్చకండి. ఆమె మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకొని ఇంటికి వచ్చి పంచాంగం చూడండి.

నవలను చివర చదవడం

నవలను చివరికి వాయిదా వేయమనడం చాలామందికి రుచించదు. నవలాకారుని గురించి రాస్తూ నవల చదవకుండా ఎలాగని అడుగుతారు. పాఠకుడిగా ఎప్పుడో చదివే ఉంటాం, ఫరవాలేదు. చరిత్రకారుడిగా చదవడం మాత్రం చివర జరగాలి. ముందే చదివితే నవలలోని సన్నివేశం మన మనసులో ఆయన జీవిత సంఘటనగా నాటుకుపోయి, తరువాత కలిసిన ప్రతివారి నోటా దాన్నే రాబడతాం.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో వట్టికోట ఆళ్వారుస్వామి విషయంలో చూడవచ్చు. ప్రచురణకర్త, నవలాకారుడు అన్న రెండు మాటలూ తెలంగాణలో ముందుగా గుర్తుకు తెచ్చే పేరు ఆయనదే. 1915 నవంబర్ 1న నకిరేకల్ ప్రాంతంలోని చెరువు మాధారంలో పుట్టారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. దేశోద్ధారక అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు బిరుదు, ఆయన పోయింది కూడా ఆ సంవత్సరమే. గ్రంథమాల కింద ముప్పైకి పైగా పుస్తకాలు వేసి, సంచిలో పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మారు. నిజామాబాద్ జైలులో దాశరథితో కలిసి ఉన్నారు. దాశరథి 1949లో తన అగ్నిధార కవితా సంపుటిని అంకితం ఇచ్చింది ఆళ్వారుస్వామికే. ప్రజల మనిషి నవల 1955లో వచ్చింది. గంగు అన్న నవల పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న ఆయన పోయారు. అది ఆ తరువాత అచ్చయింది.

ఈ జీవితాన్ని చెప్పేవారు చాలావరకు ప్రజల మనిషిలోని కథానాయకుడు కంఠీరవంతో మొదలుపెట్టి ఆళ్వారుస్వామి దగ్గరికి వస్తారు. నవల అంత బలమైనది కాబట్టి ఆ మోహం సహజమే. కానీ పైన చెప్పిన వరుసలో వస్తే వేరే ప్రశ్నలు ఎదురవుతాయి. బహిరంగ సభ పెట్టాలంటే 53వ గష్తీ (నిజాం ప్రభుత్వ ఉత్తర్వు) కింద అనుమతి కావలసిన రాజ్యంలో, ఉర్దూ రాజభాషగా ఉన్న చోట, తెలుగు పుస్తకాల వరుసను మొదలుపెట్టినవాడు మొదటి పుస్తకానికి దేన్ని ఎంచుకొన్నాడు? యుద్ధకాలంలో కాగితం కరువైనప్పుడు ఏ పుస్తకాలు ఆగాయి? జైలులో ఉన్న సంవత్సరాలలో గ్రంథమాల ఆగిందా, మిత్రులు నడిపారా? ప్రూఫులు దిద్దిన చేతికీ, తరువాత నవల రాసిన చేతికీ వాక్యంలో ఏమైనా పోలిక ఉందా? వీటికి జవాబులు వెతికిన తరువాత ప్రజల మనిషి చదివితే, పదిహేడేళ్లు ఇతరుల పుస్తకాలు వేసిన మనిషి తన నవల వేసుకోవడానికి నలభయ్యో ఏడు దాకా ఆగాడన్నది కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఆగడానికి కారణం వెతకడమే నవలాకారునిగా ఆయన చరిత్రకు సరైన ప్రారంభం అని నా అభిప్రాయం.

నవలలోని సంగతిని జీవిత సంఘటనగా రాయాలంటే నవల వెలుపల ఆధారం ముందే దొరికి ఉండాలి. మా పెద్దాయన రెండో నవలలో ఒక ఉపాధ్యాయుడు అమ్ముడుపోని పుస్తకాలను పెరట్లో కుప్ప పోసి తగులబెడతాడు. ఆ ఘట్టం ఆయన బతుకులో జరిగిందేనని స్నేహితులందరూ నమ్ముతారు, సంస్మరణ సంచికలో ఇద్దరు కళ్లారా చూసినట్టే రాశారు. చిట్టా చూస్తే అమ్ముడుపోని పుస్తకాలను తూకానికి అమ్మిన లెక్క ఉంది. అదీ నవల వచ్చిన తొమ్మిదేళ్లకు. పెద్దాయన భార్యను అడిగాను. 'మా సారు కాలవెట్టలేదు బిడ్డా, కిలోల లెక్కన అమ్మిండు. కాలవెట్టింది కథల' అన్నారు. ముందే రాసి పెట్టుకొన్న సన్నివేశాన్ని తొమ్మిదేళ్ల తరువాత అమలు చేయవలసి వచ్చినప్పుడు ఆయన నిప్పు పెట్టలేకపోయారు. నవలను ఆధారంగా తీసుకొని ఉంటే ఈ సంగతి నాకు దక్కేదే కాదు.

నవల దేనికి సాక్ష్యమో దానికి ధారాళంగా వాడుకోండి. పటేల్, పట్వారీ, గిర్దావర్ల మాటతీరు, కొలతలు, కూలి రేట్లు, ఇంట్లో వండుకొనే తిండి, ఏ కులంవారు ఏ అరుగు మీద కూర్చోవచ్చు అన్న పట్టింపు వంటివి నవలలో ఉన్నంత నమ్మకంగా మరెక్కడా దొరకవు. భాషను ప్రత్యేకంగా గమనించాలి. పండిత గ్రంథాల ముందుమాటలను సంధులు విడదీయకుండా రాసిన మనిషి, నవలలో వరంగల్ పల్లె మాటను ఎంతవరకు రానిచ్చాడు, సంభాషణల్లోనేనా, కథనంలో కూడానా? వారపత్రికలో ధారావాహికగా వచ్చి ఉంటే ఆ ప్రతినీ పుస్తకం ప్రతినీ పక్కపక్కన పెట్టి చదవండి. పత్రికవారు మార్చిన యాసను పుస్తకంలో ఆయన తిరిగి పెట్టుకొన్నారా లేదా అన్నది చిన్న విషయం కాదు. తన నవలను తన గ్రంథమాలలోనే వేసుకొన్నారా, ఇంకొకరికి ఇచ్చారా అన్నది కూడా అడగవలసినదే. మా పెద్దాయన ఇంకొకరికి ఇచ్చారు. 'నా పుస్తకానికి నేను ప్రూఫు చూస్తే తప్పు దొరకదు' అని ఒక ఉత్తరంలో కారణం రాశారు.

అచ్చుకు ఇచ్చే ముందు

ఉత్తరాలను ఉటంకించేటప్పుడు హక్కు ఎవరిదో చూసుకోవాలి. పెద్దాయనకు వచ్చిన ఉత్తరం కాగితం ఆయన ఇంటివారిది కావచ్చు గాని, అందులోని రాతకు హక్కు రాసినవారిది, వారి తరువాత వారి వారసులది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్లదాకా ఆ హక్కు ఉంటుంది. 1961లో పోయిన ఆళ్వారుస్వామి తన జీవితకాలంలో ప్రచురించిన రచనలకు అది 2021తో ముగిసింది. రచయిత పోయాక తొలిసారి వెలుగు చూసిన రచనకు అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి లెక్క మొదలవుతుంది. అప్పుల గురించి, కుటుంబ కలహాల గురించి రాసిన ఉత్తరాలను, హక్కు ఉన్నా సరే, బతికున్నవారికి ముందు చదివి వినిపించండి. నేను వినిపించినవాటిలో రెండు ఉత్తరాలు తీసేయమన్నారు, తీసేశాను. ఒకదాన్ని ఉంచమని తామే పట్టుబట్టారు, దాన్ని అచ్చు వేయాలన్న ఆలోచన నాకు లేకపోయినా.

పుస్తకం చివర ప్రచురణల పట్టికను కాలక్రమంలో, మూడు రకాల గుర్తులతో, చూసినవి చూడనివి వేరుచేసి ఇవ్వాలి. పదసూచిక తప్పనిసరి; పండిత గ్రంథాలు వేసిన మనిషి చరిత్రకు పదసూచిక లేకపోతే ఆయనే ఒప్పుకోరు. ఐఎస్‌బీఎన్ తీసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అచ్చయిన ముప్పై రోజులలోగా పైన చెప్పిన నాలుగు గ్రంథాలయాలకూ ప్రతులు పంపి, రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి.

చిట్టాలూ ఉత్తరాలూ తెచ్చుకొన్ననాడే రెండు జాబితాలు రాసి, ఒకటి ఇంటివారి దగ్గర ఉంచి ఉండాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ జాబితా చూసుకొంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగించాలి. నేను తిరిగి ఇచ్చిన రోజున ఒక వీపీపీ రసీదుల కట్ట తక్కువైంది. రెండు రోజులు ఇల్లంతా వెతికాను. మా బైండరుకు ఇచ్చిన ఫారాల మధ్య దొరికింది. సైకిల్ మీద వెళ్లి పెద్దాయన భార్య చేతికి ఇచ్చి, జాబితా మీద సంతకం పెట్టించుకొని వచ్చాను.